వెండిలోంచి వచ్చిన పొగ

కూతురు చాందీ పెళ్ళి దగ్గరపడిందని ఇంటి కప్పు విప్పి కొత్త గడ్డి వేయిస్తుంటే, పొయ్యి పైనున్న వాసాల సందులోంచి ఒక గుడ్డమూట జారి పడింది. తుల్సీబాయి విప్పి చూసింది. లోపల బొగ్గు ముక్కల్లాంటివేవో ఉన్నాయి. ముట్టుకుంటే వేళ్ళకు జిడ్డు మసి అంటింది.

మంచంలో కూర్చున్న ఆమె తండ్రి టీక్యా వాటిని గుర్తుపట్టాడు.

"మీ యాడివే బిడ్డా. చెంపల పక్కన కట్టుకునే టోప్లీలు. ఆమె పోయినంక చూడబుద్ధి గాక నేనే పైన దాచిపెట్టిన."

తుల్సీబాయి వాటిని ఒళ్ళో పెట్టుకుంది. యాడి, అంటే ఆమె తల్లి రామి, పోయేనాటికి తుల్సీబాయి ఇంకా మాటలు నేర్చుకుంటోంది. తల్లికి ఫొటో లేదు. ముఖం ఎలా ఉండేదో ఎంత తలచుకున్నా తట్టదు. తండాలో పెళ్ళయిన ఆడదాని గుర్తు ఆ వెండి టోప్లీలే. ఇవి చాందీకి కట్టాలని అక్కడికక్కడే అనుకుంది.

కుంకుడు రసంలో నానేసింది. చింతపండుతో తోమింది. పైమసి కాస్త వదిలింది గాని, సందుల్లో ఏళ్ళ తరబడి పేరుకున్నది కదల్లేదు. గట్టిగా రుద్దితే అరిగిన వెండి వంగిపోతోంది. డోర్నకల్‌లో కంసాలికి చూపిస్తే, కరిగించి కొత్తవి చేస్తానన్నాడు. ఆమె మూట కట్టుకుని తిరిగి వచ్చేసింది.

"మానుకోటల వెంకట్రాం సేటు దుకాణంల కొత్త మిషిన్ పెట్టిండంట. నీళ్ళల్ల ఏస్తే అదే కడుగుతదంట" అన్నాడు భర్త రెడ్యా.

మర్నాడు ఇద్దరూ రైలెక్కి మానుకోటలో దిగారు.

వెంకట్రాం దుకాణంలో బల్ల మీద స్టీలు తొట్టి ఒకటి ఉంది. దానికి కరెంటు వైరు. పక్కన రెండు సీసాలు. వెంకట్రాం కంటికి భూతద్దం పెట్టుకుని టోప్లీలను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఘాటు మందే పొయ్యి సేటు, జల్ది పోతది" అన్నాడు రెడ్యా.

"నేను గూడ గట్లనే అనుకున్ననే. మొన్న మా ఇంటామె ముత్యాల కమ్మలు ఘాటుదాంట్ల ఏసిన. నిగనిగలాడేటియి సున్నం లెక్కైనయి. గిప్పటిదాక నాతోని సక్కగ మాట్లాడతలేదు."

లోపలి గదిలోంచి ఆయన భార్య అహల్య, "ఎట్ల మాట్లాడాలె మరి?" అంది. రెడ్యా నవ్వు ఆపుకున్నాడు.

వెంకట్రాం టోప్లీల దారం కోసి, దానికి గుచ్చిన ఎర్ర పగడాలను విడదీసి పక్కన పెట్టాడు. వాటిని మందులో వేయకూడదు, తడిగుడ్డతో తుడిస్తే చాలునన్నాడు. టోప్లీల లోపల లక్క నింపి ఉంటే వేడికి మెత్తబడుతుందని వేలితో తట్టి చూశాడు, బోలుగానే ఉన్నాయి.

"మసికి, జిడ్డుకు సబ్బు మందే సరిపోతది. వెండి నలుపు తీసే ఘాటు మందు ఉన్నది గని, గింత పల్చటి సొమ్ము మీద పోస్తే చెక్కిన గీతలు గూడ తింటది. గది మనకొద్దు."

తొట్టిలో గోరువెచ్చని నీళ్ళు పోసి, సబ్బు మందు సీసాలోంచి కొన్ని చుక్కలు కలిపాడు. నీళ్ళలోని గాలి పోవాలని కాసేపు మిషిన్ ఉత్తగానే నడిపాడు. తర్వాత టోప్లీలను తీగబుట్టలో పెట్టి, అడుగుకు తగలకుండా దించాడు.

తుమ్మెద రొద లాంటి చప్పుడు మొదలైంది. నీళ్ళు సన్నగా వణికాయి. చెయ్యి లేదు, బ్రష్షు లేదు, ముట్టుకునే మనిషి లేడు. చూస్తుండగానే టోప్లీల సందుల్లోంచి నల్లటి పోగులు బయటికొచ్చాయి. ఎన్ని పొద్దుల వంట పొగ వాటిలోకి దూరిందో, అదంతా మళ్ళీ పొగలాగే నీళ్ళలో లేస్తోంది.

"కరుగుతున్నయి సేటూ! ఆపు!" తుల్సీబాయి తొట్టిలో చెయ్యి పెట్టబోయింది.

"చెయ్యి పెట్టకు అక్కా! కరిగేది మసి, వెండి గాదు."

నీళ్ళు సిరాలా నల్లబడ్డాక మిషిన్ ఆపి, బుట్ట పైకెత్తి మంచినీళ్ళలో ముంచాడు. ఒక టోప్లీని పట్టుకుని తడి విదిలించాడు.

మువ్వలు మోగాయి.

టోప్లీల అంచున అంతవరకూ మసితో బిగుసుకుపోయిన చిన్న చిన్న మువ్వలు. వెంకట్రాం ఉలిక్కిపడి చేతిలోదాన్ని చూశాడు. మళ్ళీ కదిపాడు. మళ్ళీ మోగాయి.

తుల్సీబాయి గచ్చు మీద కూర్చుండిపోయింది. ఆ చప్పుడు ఆమెకు తెలుసు. తన నుదుటి మీదికి ఎవరో వంగుతున్నారు. జొన్నపిండి అంటిన చెయ్యి ఒకటి తన చెంప నిమురుతోంది. ముఖం ఇప్పటికీ కనిపించలేదు. కానీ మనిషి ఉంది, అంత దగ్గరగా ఉంది.

"యాడీ" అంది తుల్సీబాయి.

అహల్య బయటికొచ్చి ఆమె పక్కనే కూర్చుని భుజం పట్టుకుంది. కాసేపటికి వెంకట్రాం మెల్లగా, చెక్కిన పువ్వుల గీతల్లో ఇంకా నలుపుందనీ, కావాలంటే ఉత్త వంటసోడాతో తేలిగ్గా రుద్దుతాననీ అన్నాడు.

"వద్దు సేటు. ఉండనియ్యి. పువ్వు అట్లనే కనబడుతున్నది."

పగడాలను కొత్త దారంతో మళ్ళీ కట్టించి, పెళ్ళినాడు చాందీ చెంపల పక్క జడలకు టోప్లీలు కట్టారు. అప్పగింతల వేళ చాందీ, తండా ఆనవాయితీగా, తల్లి మెడ మీద వాలి ఏడుస్తూ పాడింది. బదులు పాడాల్సిన తుల్సీబాయి ఆ చెంపల పక్క మువ్వలు వింటూ అలాగే నిలబడిపోయింది. "పాడవే, నీ వంతే" అని పక్కనున్న ఆడవాళ్ళు రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.