తగ్గిపోయిన నొప్పి

కోటును కిటికీకి ఎదురుగా ఎత్తి పట్టుకుని, వెలుతురు ఎక్కడెక్కడ కారుతోందో చూస్తోంది సూదక్క. ఎడమ భుజం కింద రెండు, జేబు అంచున ఒకటి. పురుగు కొట్టిన ఆ మూడు చిల్లుల చుట్టూ సుద్దముక్కతో గీసింది. ఆ డ్రైక్లీనింగ్ షాపు వెనకగదిలో ఇరవై రెండేళ్లుగా ఆమె రఫూ చేస్తోంది. బట్టలిచ్చి పోయేవాళ్లలో ఆమె ముఖం ఎరిగినవాళ్లు ఒక్కరూ లేరు.

గోడవార కడ్డీకి కోట్లు వేలాడుతున్నాయి. చివరనున్న నల్లదాన్ని ఆరేళ్లుగా ఎవరూ తీసుకెళ్లలేదు. దానికి 'పెద్దాయన' అని పేరు పెట్టి, మొదట్లో సరదాగా పలకరించేది. ఈమధ్య దానికి వీపు పెట్టి కూర్చోలేక కుర్చీ తిప్పుకుంది.

తొమ్మిదిన్నర దాటింది. పదింటికల్లా అది వస్తుంది. ముందు గోళ్ల కింద చల్లదనం, తర్వాత మోచేతులు, ఆపైన పళ్లు. అరగంట ఒళ్లంతా కుదిపేసి, జ్వరం కాచి, చెమటలో ముంచి పోతుంది. ఎనిమిది రోజులుగా ఇదే వరస. మెట్లెక్కి వచ్చే మనిషి అడుగుల కోసం చెవి ఒగ్గినట్టు ఆమె కూర్చుంది.

మూడు వారాల కిందట కడుపులో కుడివైపు, కింద, నొప్పి వచ్చింది. రెండు రోజులు మెలితిప్పేసింది. మందుల షాపులో అడిగి బిళ్లలు తెచ్చుకుని మింగింది. నాలుగో రోజుకి చేత్తో తీసేసినట్టు పోయింది.

"చూశావా, డాక్టరు మొహం చూడకుండానే తగ్గించుకున్నా!" అంది చెల్లెలితో.

చెల్లెలు నవ్వలేదు. వాళ్ల నాన్నకూ ఒకసారి ఇలాగే నొప్పి తగ్గిపోయింది. ఆ రోజు ఆయన పిల్లలిద్దర్నీ చెరో భుజం మీద ఎక్కించుకుని ఇల్లంతా తిప్పాడు. తర్వాత వణుకు పట్టుకుంది. నెల తిరక్కుండా ఆయన మంచం ఖాళీ అయింది. అప్పటికి సూదక్కకు తొమ్మిదేళ్లు, చెల్లెలికి ఆరు. జబ్బేమిటో వాళ్లకెవరూ చెప్పలేదు. పెద్దయ్యాక కూడా ఆ మాట ఎత్తితే జబ్బు ఎక్కడ వింటుందోనన్నట్టు ఇద్దరూ నోరు మెదపలేదు. పెళ్లి మాటెత్తని ఆడవాళ్లిద్దరూ ఆ రెండు గదుల ఇంట్లోనే కలిసి బతుకుతున్నారు.

పదింటికి వణుకు వచ్చింది. సూది వేలిలో దిగింది. ఆమెకు తెలియలేదు. కోటు మీద ఎర్రటి చుక్క పడ్డాక చూసుకుంది.

ఇస్త్రీ చేసే ముసలాయన బట్టల మోపుతో లోపలికొచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"సూదక్కా, ఇలా వెలుతురులోకి రా. కళ్లేంటి, అంత పచ్చగా ఉన్నాయి?"

"నిద్ర చాల్లేదు బాబాయ్."

"నిద్ర చాలకపోతే ఎర్రబడతాయి. ఆ పళ్లు టకటకలాడటమేంటి?"

"ఊరుకో, అరగంటలో పోతుంది."

"పోతుందని తెలుసంటే, రోజూ వస్తోందన్నమాట."

ఆయన వెళ్లి ఇస్త్రీపెట్టె ఆపేసి, ఆమె చెల్లెలికి ఫోన్ చేశాడు.

ఆస్పత్రిలో రక్తం తీశారు, స్కానింగ్ చేశారు. "ఈమధ్య కడుపునొప్పేమైనా వచ్చిందా?" అని అడిగింది డాక్టరమ్మ.

"వచ్చింది. తగ్గిపోయింది," అంది సూదక్క, తప్పు ఒప్పుకుంటున్నట్టు.

డాక్టరమ్మ చెల్లెల్ని వరండాలోకి పిలిచింది.

"అపెండిక్స్‌కి చీము పట్టిందమ్మా. నొప్పి తగ్గింది గానీ చీము పోలేదు. పేగుల నుంచి కాలేయానికి రక్తం మోసుకెళ్లే పెద్ద సిర ఒకటుంటుంది. అందులో రక్తం గడ్డకట్టి, ఆ గడ్డకీ చీము పట్టింది. అక్కణ్ణుంచి కాలేయంలోకి పాకింది. ఆ వణుకు అందుకే."

"నొప్పి వచ్చిన రోజే తీసుకొచ్చుంటే?"

డాక్టరమ్మ చేతిలోని కాగితాలు మడిచింది. "మందులు ఎక్కిస్తున్నాం. బీపీ పడిపోతోంది. మా ప్రయత్నం మేం చేస్తాం."

చెల్లెలు మంచం దగ్గరికొచ్చి విన్నదంతా చెప్పింది.

"నాన్నకొచ్చింది ఇదేనా?"

"అది అడగలేదక్కా."

"నాకు తెలుసే," అంది సూదక్క. "వణుకు మొదలైన రోజే తెలుసు. పేరు చెప్తారని భయమేసి రాలేదు." పొడిగా నవ్వింది. "తీరా చూస్తే సిరట, గడ్డట. ఇంతోటి దానికి నలభయ్యేళ్లు హడలి చచ్చాం."

చెల్లెలు ఆమె పాదాలు రుద్దుతూ కూర్చుంది. అవి వేడెక్కలేదు.

మధ్యాహ్నం వణుకు కొంచెం విడిచింది. కప్పిన బూడిదరంగు ఉన్ని రగ్గులో ఆమె వేలికి చిల్లు తగిలింది. సూదులుండే తన సంచి అందివ్వమంది.

"ఇప్పుడా? పడుకో అక్కా!"

"ఇది చేతికి తగులుతుంటే నిద్రెలా పడుతుంది?"

రంగు కలిసే దారం బయట దొరకదు. రగ్గు అంచునుంచే పోగులు లాగింది. ఎడమ చేతికి సెలైన్ గొట్టం ఉంది కాబట్టి అటు చెల్లెలు పట్టుకుంది. ఒక పోగు పైనుంచి, ఒక పోగు కిందనుంచి, గంటసేపు అల్లింది. ఆ గంటలో ఒక్కసారి కూడా గుమ్మం వైపు చూడలేదు.

మర్నాడు ఉదయం ఏడింటికి చెల్లెలు సీసాలో నీళ్లు పట్టుకురావడానికి వెళ్లింది. తిరిగొచ్చేసరికి నర్సు సెలైన్ గొట్టం తీస్తోంది. "పిలిచిందా నన్ను?" అని అడిగింది చెల్లెలు. నర్సు తల అడ్డంగా ఊపింది.

అక్కను తీసుకెళ్లాక ఆమె కాసేపు ఆ మంచం మీదే కూర్చుంది. రగ్గును ఈ కొసనుంచి ఆ కొసదాకా అరచేత్తో తడిమింది. చిల్లు ఎక్కడుండేదో దొరకలేదు. పక్క మార్చడానికి మనిషొస్తే లేచి నిలబడింది. మంచం కాళ్లవైపు మడతపెట్టి ఉంది రగ్గు, అంచున నాలుగు పోగులు తక్కువగా.