సబ్‌జైల్లో పలక

“చదువుకుని ఏం పొడుస్తావురా? కలెక్టరవుతావా?” అని వార్డరు నవ్వాడు.

సాలమోను తలెత్తలేదు. సబ్‌జైలు వరండాలో ఎండ మోకాళ్ళ మీదికి వచ్చినా కదలకుండా, కూతురు శారోన్ పేరు పలక మీద దిద్దుతున్నాడు. ఖైదీలకు చదువు చెప్పడానికి వచ్చే హన్నా టీచరు గడియారం చూసుకుంది.

“సంతకం వస్తే చాలు. మా పైవాళ్ళు అడిగేది అంతే” అంది.

“పేపరు చదవడం కూడా నేర్పండి, మేడమ్ గారూ.”

“అంత ఓపిక నాకు లేదు.”

సాలమోను వరప్రసాదం దగ్గర పాలేరు. రొయ్యల దొంగలు రాకుండా వరప్రసాదం తన చెరువు చుట్టూ అతని చేత కరెంటు తీగ కట్టించాడు. గడ్డికి వెళ్ళిన మనిషి అది తగిలి చచ్చిపోయాడు. ఎవరూ చెప్పకుండా తన సొంత బుద్ధితోనే కట్టానని సాలమోను పోలీసుల ముందు ఒప్పుకున్నాడు. యజమాని నేరం పాలేరు నెత్తిన వేసుకోవడం ఆ ఊళ్ళో కొత్తేమీ కాదు. అందుకు బదులుగా శారోన్‌ని పదో తరగతి దాకా చదివిస్తానని వరప్రసాదం మాట ఇచ్చాడు.

ములాఖత్‌కి పిలుపు వచ్చింది. ఊచల అవతల భార్య చిన్నమ్మలు నిలబడి ఉంది.

“పలకట్టుక్కూచున్నావా? బానే ఉంది దొరగారి భోగం! నీ కూతురు షెడ్డులో రొయ్యల తలకాయలు తీత్తంది.”

“బడికెళ్ళట్లేదా?”

“ఏం బడి? ఆడపిల్లకి చదువెందుకే, షెడ్డుకి పంపమన్నారు ప్రసాదంగారు. ఐసులో నాని చేతులు పాసిపోయేయి దానికి.”

“మాటిచ్చేరు కదే!”

“ఆయన మాట నీళ్ళలో మూట. రేపు కోర్టులో జడ్జిగారడిగితే, నేనే కట్టేనండీ అనాలంట. అనకపోతే గట్టు మీద మన పాక పీకించేత్తారంట. అనెయ్యి. గూడన్నా మిగుల్తది.”

సాలమోను వేళ్ళకంటిన బలపం పొడి చూసుకున్నాడు.

“నలభయ్యేళ్ళొచ్చి, జైలుకొస్తేగానీ నాకో అచ్చరం దొరకలేదే. పిల్లకీ అంతేనా?”

“సోది ఆపు. అంటావా, అనవా?”

“అనను. కట్టమన్నదెవరో చెప్తాను.”

“రేపు రేత్రికి పిల్లనెక్కడ పడుకోబెట్టుకోనురా, పాపిష్టోడా!”

చిన్నమ్మలు ఊచల్లోంచి చెయ్యి పెట్టి అతని చొక్కా పట్టుకుంది. టైమైపోయింది, వదలమన్నాడు వార్డరు. ఆమె వదల్లేదు.