ఆరో అడుగు

సినిమాలో హీరో ఏడుసార్లు చచ్చి ఎనిమిదోసారి బతుకుతాడు. చచ్చిన ప్రతిసారీ మళ్లీ అదే పొద్దు, అదే మంచం, తలుపు బయట భార్య నడిచి వెళ్తున్న చప్పుడు. ఆమె లిఫ్టు ఎక్కుతుంది. లిఫ్టు పేలిపోతుంది. అతను తుపాకీ అందుకుని పరుగెత్తేసరికి అంతా అయిపోయి ఉంటుంది.

తెర మీది కాళ్లకు చప్పుడు పుట్టించడం అడుగుల మాస్టారి పని. మగవాళ్ల బూట్లు ఆయనవి, ఆడవాళ్ల చెప్పులు ఆయన భార్యవి. ఇరవై రెండేళ్లు ఇద్దరూ అదే గదిలో, తెర ముందు రాతి పలక మీద, ఎక్కడికీ వెళ్లకుండా నడిచారు. ఈ సినిమాకి ఆమె మొదటి రోజు అడుగులు మాత్రమే ఇచ్చింది. పంతొమ్మిది రోజులకి గుండె ఆగి పోయింది.

"మిగతా ఆరు రోజులకీ అవే అతికించండి మాస్టారూ. మళ్లీ మళ్లీ వచ్చేది అదే రోజు కదా," అన్నాడు డైరెక్టరు. కుర్రాడే కానీ పాము చెవులు. "ఆరో అడుగొక్కటే లేటు. అది సరిచేసి అతికించండి."

ఆ లేటు మాస్టారికి తెలుసు. ఆ రోజు పక్కనే ఉన్నాడు, తర్వాతి ఫైటు కోసం పళ్లెంలో గాజుపెంకులు సర్దుకుంటూ.

"ఏమోయ్, కాలు నిద్రపోయిందా?" అన్నాడు, తలెత్తకుండానే.

"మీతో నడిచి నడిచి అరిగిపోయింది లెండి," అని నవ్వింది ఆమె.

"ఇంకోసారి చేద్దామా?"

"ఇవాళ్టికి చాలండీ."

బద్ధకం అనుకున్నాడు.

ఇప్పుడు హెడ్‌ఫోన్ పెట్టుకుని విన్నాడు. అయిదో అడుగు. తర్వాత ఖాళీ. ఆ ఖాళీలో గుడ్డ గోడకు రాసుకున్న చప్పుడు, బిగబట్టిన ఊపిరి. ఆ తర్వాతే ఆరో అడుగు. గోడ పట్టుకుని నిలబడిందన్న మాట. మూడు గజాల దూరంలో తాను పెంకులు ఏరుకుంటున్నాడు.

"మళ్లీ వెయ్యమ్మా."

సౌండ్ అమ్మాయి వేసింది. విసుక్కోకుండా పదకొండుసార్లు వేసింది. ప్రతిసారీ ఆ ఖాళీలో మాస్టారు తలెత్తి భార్యని చూడబోయాడు. ప్రతిసారీ, చూసేలోపే ఆరో అడుగు పడిపోయింది.

"జరపమంటే చిటికెలో జరిపేస్తాను బాబాయ్. కానీ..."

"వద్దమ్మా. అది తీసేస్తే ఆ రోజు మా ఆవిడకేమీ కానట్టే. నేనెలాగూ చూడలేదు. కనీసం అందులోనైనా ఉండనీ."

డైరెక్టరు కాఫీ తాగి వచ్చేలోగా సౌండ్ అమ్మాయి వీధిలో మోగే సైరన్ ఒకటి తెచ్చి ఆ ఖాళీ మీద పరిచింది. డైరెక్టరు విని తలూపాడు. "ఇప్పుడు కుదిరింది."

"సైరన్ కింద అలాగే ఉంది బాబాయ్," అంది ఆమె మెల్లగా. "ఎవరికీ వినపడదు. ఏడుసార్లూ ఉంది."

ఎనిమిదో రోజున సినిమాలో భార్య లిఫ్టు వైపు తిరగదు. వీధి తలుపు తీసుకుని బయటికి వెళ్లిపోతుంది. దానికి కొత్త అడుగులు కావాలి.

"ఎవరినైనా పిలిపించమంటారా?" అన్నాడు డైరెక్టరు.

"నేను చేస్తాను."

తన భార్య చెప్పులు మాస్టారి పాదాలకు పట్టవు. మోకాళ్ల మీద కూర్చుని రెండు చేతులూ వాటిలోకి దూర్చాడు. లోపల ఆమె వేళ్లు పడ్డ గుంటలు నున్నగా, చల్లగా తగిలాయి.

మొదటిసారి ఆరో అడుగు లేటు.

"మాస్టారూ, మీకూ అదే జబ్బా!" మైకులో నవ్వాడు డైరెక్టరు. పాపం, అతనికి తెలీదు.

రెండోసారీ లేటే. అక్కడికి రాగానే చేతులు ఎవరికోసమో ఆగుతున్నాయి.

"ఈ రోజు ఆమెకేం కాదు బాబాయ్," హెడ్‌ఫోన్‌లో సౌండ్ అమ్మాయి గొంతు. "కథలో అలాగే ఉంది."

మూడోసారి. నాలుగో అడుగు. అయిదు. మాస్టారు తలెత్తాడు. తెర వైపు కాదు, పక్కనున్న ఉత్త గోడ వైపు. ఆరు, సరిగ్గా పడింది. ఏడు, ఎనిమిది, తొమ్మిది. తెర మీద తలుపు మూసుకుంది.

"ఓకే! అదరగొట్టారు!"

మాస్టారు ఆగలేదు. మోకాళ్ల మీదే ముందుకు జరిగాడు. చెప్పులు రాతి పలక దాటి తివాచీ మీదికి దిగాయి. అక్కడ చప్పుడు లేదు.

సౌండ్ అమ్మాయి రికార్డింగు ఆపలేదు.