హైమవతి గారి చుట్టరికాలు

ఫ్లాస్కు మూత తిప్పుతూ హైమవతి అడిగింది. "మీ అత్తగారి పుట్టిల్లు ఎక్కడమ్మా?"

ఎదురుగా కుర్చీ అంచున కూర్చున్న హరితకి చిర్రెత్తుకొచ్చింది. థీసిస్ ఇచ్చి ఏడాది తిరిగొస్తోంది. బాగుందని నివేదికలు వచ్చేశాయి, ఇక వైవా ఒక్కటే మిగిలింది. శుక్రవారం అది జరిగితే, సోమవారం ధౌలా కువాన్ కాలేజీలో ఇంటర్వ్యూకి డాక్టరేట్ కాగితంతో వెళ్లొచ్చు. జరగకపోతే ఆ ఉద్యోగం మరొకరిది. ఇంత పెద్ద ఢిల్లీలో తెలుగు చెప్పే ఖాళీ మళ్లీ ఎప్పుడు పడుతుందో దేవుడికే తెలియాలి. ఆ పిల్ల అంత ఆత్రంలో ఉంటే ఈవిడకి అత్తగారి పుట్టిల్లు కావలసి వచ్చింది.

ఆ చిరాకు హైమవతికి కనబడకపోలేదు. కనబడనట్టే రెండు స్టీలు గ్లాసుల్లో టీ పోసి, ఒకటి హరిత వైపు జరిపింది. పెళ్లిలో వచ్చిన గ్లాసులవి. అంచు కింద భార్యాభర్తల పేర్లు చెక్కించి ఉంటాయి. తోమి తోమి అక్షరాలు సగం అరిగిపోయాయి.

హైమవతి పొట్టి మనిషి. నేతచీర మీద, జూన్ నెలలో కూడా, ఏసీకి భయపడి బూడిదరంగు స్వెట్టరు వేసుకుంటుంది. కళ్ళజోడుకి నల్లతాడు. కుడి బొటనవేలికి ఎంత కడిగినా వదలని స్టాంపు సిరా. తెనాలిలో పుట్టి, ఎయిర్‌ఫోర్సులో పనిచేసే హరనాథ్‌ని చేసుకుని పాలం వచ్చింది. ఆయన డ్యూటీలకి వెళ్లినప్పుడు తోచక టైపు నేర్చుకుంది. ఆ టైపే ఈ యూనివర్సిటీ తెలుగు విభాగంలో ఉద్యోగమయింది. సీనియర్ అసిస్టెంటు దాటి పైకి పోలేదు, పోవాలని తాపత్రయపడనూ లేదు. ఇవాళ ఆ ఉద్యోగానికి ఆఖరి రోజు. సమోసాలూ శాలువా నిన్ననే అయిపోయాయి.

విద్యార్థులు ఆమెకి చుట్టరికాల ఆంటీ అని పేరు పెట్టారు. ఆ సంగతి ఆమెకీ తెలుసు. తెలిసీ మానలేదు. దానికో కారణం ఉంది.

వైవా కమిటీలోకి బయటి నుంచి ఒక పరీక్షకులు రావాలి. గైడు కొన్ని పేర్లు రాసి సీలు కవరులో పంపిస్తారు. వైస్ ఛాన్సలర్ ఒకరికి టిక్కు పెడతారు, వారు కాకపోతే అని మరొకరికి పెడతారు. ఆ పేరు వైవా గదిలో అడుగుపెట్టేదాకా విద్యార్థికి తెలియకూడదు. ఆ వచ్చేవారు విద్యార్థికి బంధువు కాకూడదు. మరి పేరు చెప్పకుండా, మీకు వాళ్ళు బంధువులా అని అడిగేదెలా? గైడు తనకి తెలిసినంతలో కారని సంతకం పెడతారు. నియమం అక్కడితో ఆగిపోతుంది. హైమవతి అక్కడి నుంచి టీ పోస్తుంది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో త్యాగరాజు అనే విద్యార్థి ఉండేవాడు. వైవా బ్రహ్మాండంగా చేశాడు. తరవాత ఎవరో, ఆ పరీక్షకుడు ఇతని వదినకి మేనమామ అవుతాడని ఫిర్యాదు పడేశారు. పరీక్షకుడి పేరు ముందే తెలిసే అవకాశం అతనికి లేదు, అయినా వైవా రద్దయింది. మళ్లీ మొదలుపెట్టే ఓపిక లేక వెళ్లిపోయాడు. కొన్నేళ్ల తరవాత కరోల్ బాగ్‌లో, ఒక కోచింగ్ సెంటరు మెట్ల మీద కరపత్రాలు పంచుతూ కనబడ్డాడు. "బాగున్నారా మేడమ్" అని నవ్వాడు. ఆ నవ్వు ఆమెకి ఇప్పటికీ మింగుడు పడలేదు. ఆ మర్నాడే ఇంటి నుంచి ఫ్లాస్కు తెచ్చుకుంది.

"మా అత్తయ్యది గూడూరండీ," అంది హరిత, టీ ఊదుకుంటూ.

"మీ మరిదికి సంబంధాలు చూస్తున్నారన్నావు. కుదిరిందా?"

"ఆఁ ఆంటీ, మొన్న ఆదివారమే తాంబూలాలు పుచ్చుకున్నారు. మా ఆయనకి ఆర్మీలో సెలవు దొరక్క మేం వెళ్లలేదు. ఫోన్‌లో చూశాం."

"పిల్ల ఎవరి తాలూకు?"

"తిరుపతి వాళ్ళు. వాళ్ళమ్మ అక్కడ తెలుగు ప్రొఫెసరట. అన్నపూర్ణేశ్వరి గారని. ఇక మీరిద్దరూ కూర్చుంటే లేవరులే అని అత్తయ్య ఒకటే నవ్వు."

హైమవతి గ్లాసు కింద పెట్టింది. కవరులో మొదటి టిక్కు అన్నపూర్ణేశ్వరిదే. శుక్రవారానికి విమానం టికెట్టు కూడా తీశారు. హరిత సర్టిఫికెట్ల మీద పుట్టింటి పేరు ఉంది కాబట్టి ఆవిడకి ఈ పిల్ల ఎవరో తెలిసే దారి లేదు. పేర్లు పంపినప్పుడు అసలు ఈ చుట్టరికమే లేదు. ఎవరి తప్పూ లేదు, అందుకే ఎవరూ పట్టుకోలేరు.

మొహంలో ఏమీ పొక్కనివ్వలేదు. "మంచి సంబంధం. ఎత్తు సరిపోయిందా ఇద్దరికీ?" అంది.

"సరిపోయింది. ఆంటీ, శుక్రవారం ఖాయమేగా?"

"నేను చెబుతున్నాగా. వెళ్లి చదువుకో."

హరిత వెళ్లిపోయింది. పక్క టేబులు దగ్గర సాత్విక నవ్వాపుకుంటోంది. హైమవతి స్థానంలోకి కొత్తగా వచ్చిన పిల్ల. ఆర్కే పురంలో పుట్టి పెరిగింది. తెలుగు అర్థమవుతుంది, నోరు తెరిస్తే మాత్రం హిందీయే. "ఆంటీ, ఆప్ రిష్తే కరాతీ హో క్యా?" అంది. సంబంధాలు కుదురుస్తారా మీరు అని వెటకారం.

"లే. నాతో రా," అంది హైమవతి.

గైడు సదాశివరావు మంచాయన. విషయం విని తల పట్టుకున్నాడు. "పెళ్లి ఇంకా కాలేదు కదా హైమవతి గారూ. శుక్రవారం నాటికి వాళ్ళు బంధువులు కారు. ఆ పిల్ల ఉద్యోగం పోతుంది, వదిలేద్దాం."

హైమవతికీ వదిలేయాలనే ఉంది. ఇంకో పూట గడిస్తే ఈ తలనొప్పి ఆమెది కానే కాదు. కానీ కాళ్ళు కదల్లేదు. "శుభలేఖ అచ్చవుతుంది సార్. అందులో రెండు కుటుంబాల పేర్లూ ఉంటాయి. దాన్ని ఫొటో తీసి పంపేవాళ్ళు బయటెక్కడో లేరు. త్యాగరాజు గుర్తున్నాడా?"

సదాశివరావు కలం తీసి, కమిటీ మార్చమని నాలుగు ముక్కలు రాసిచ్చాడు. తిరుపతికి తనే ఫోను చేసి, కారణం బయటపెట్టకుండా, రానక్కర్లేదని చెబుతానన్నాడు.

వైస్ ఛాన్సలర్ మధ్యాహ్నం ఊరెళ్తున్నారు, వచ్చే వారం గానీ రారు. ఆయన ఆఫీసు కాంపస్‌కి ఆ చివర. ఎండ నెత్తి మీద నిప్పులు పోస్తోంది. హైమవతి పైట నెత్తిన కప్పుకుని, వాచిన మడమ ఈడ్చుకుంటూ వేపచెట్ల నీడ పట్టుకుని నడిచింది. లోపల కూర్చోమంటే కూర్చోలేదు. కూర్చుంటే ఆయన వెనక తలుపు నుంచి వెళ్లిపోతారని ఆమెకి అనుభవం. కారు దగ్గరే నిలబడింది. ఆయన వచ్చి, కాగితం చదివి, సలసల కాలుతున్న బానెట్ మీదే పెట్టి సంతకం చేశారు. సాత్విక నోరెళ్లబెట్టి చూసింది.

రెండో పేరు లక్ష్మీపతిది. ఇన్నాళ్ల టీ కబుర్లలో ఆ పేరు హరిత చుట్టాల్లో ఎక్కడా తగల్లేదు. హైదరాబాదులో ప్రొఫెసరుగా రిటైరై, వసంత్ కుంజ్‌లో కూతురి దగ్గర ఉంటున్నాడు. ఊళ్లోనే ఉన్నందుకు సంతోషించాల్సిందే గానీ, ఆయన ఈ యూనివర్సిటీ పేరెత్తితే మండిపడతాడు.

"మీ గేటు కాడ ఎండల నిలవెట్టిండ్రమ్మా నన్ను," అన్నాడు ఫోనులో. "పేరు చెప్పినా లోపలికి పోనియ్యలే. ఎవ్వడూ రాలే. ఇగ మీ గడప తొక్కనని ఆనాడే చెప్పిన."

"మీరు చెప్పింది న్యాయమేనండి. అలా చెయ్యకూడదు," అంది హైమవతి. "ఈసారి గేటు దగ్గర నేనుంటాను."

"అప్పుడు గూడ ఎవరో గట్లనే అన్నరు."

"అన్నవాళ్ళలో నేను లేను సార్. థీసిస్ కూడా సాయంత్రం నేనే తెచ్చిస్తాను. మిలటరీ ఆయన భార్య, చంటిపిల్లని ఒళ్లో వేసుకుని రాసింది. బాగోకపోతే గట్టిగానే అడగండి. అడగడానికి మాత్రం రండి."

అవతల గొంతు కాస్త తగ్గింది. "నువ్వే ఉంటవా?"

"నేనే ఉంటాను."

"సరే, తే."

ఫోను పెట్టేసి హైమవతి స్వెట్టరు అంచుతో కళ్ళజోడు తుడుచుకుంది. సంతోషం పట్టలేక తనలో తనే నవ్వుకుంది.

సాత్వికకి నవ్వు ఎప్పుడో పోయింది. "ఆంటీ, వో చాయ్... హర్ బార్ ఇసీ లియే?" ప్రతిసారీ ఆ టీ ఇందుకేనా అని ఆశ్చర్యం.

"అడిగితే చెప్పరే. టీ పోస్తే చెబుతారు. ఎందుకడిగామో మాత్రం ఎవరికీ తెలియనివ్వకూడదు. పేరు పొక్కితే కమిటీయే పోతుంది."

"పర్ ఫ్రైడే కో తో ఆప్ రిటైర్డ్!" శుక్రవారానికి మీకు ఉద్యోగమే ఉండదు కదా అని ఆ పిల్ల బెంగ.

"గేటు దగ్గర నిలబడటానికి ఉద్యోగం ఎందుకే పిచ్చిదానా," అంది హైమవతి. థీసిస్ చేతిసంచిలో పెట్టుకుని, స్కూటరు తెమ్మని హరనాథ్‌కి ఫోను చేసింది.

శుక్రవారం పొద్దున్నే ఆమె గేటు ముందు ఉంది. ఐడీ కార్డు లేని మెడ బోసిగా ఉంది. కొత్త గార్డు ఎవరు కావాలని అడిగితే, "ఎవరూ వద్దు బాబూ, ఒకరు వస్తారు" అంది. లక్ష్మీపతి కారు దిగి, గొడుగు పట్టుకుని నిలబడ్డ మనిషిని కళ్ళు చికిలించి చూశాడు. "ఉన్నవు," అన్నాడు. గొడుగు ఆయన మీద పట్టి, తాను ఎండలో నడుస్తూ, వైవా గది దాకా తీసుకువెళ్లింది. గుమ్మం దగ్గర ఆగిపోయింది. ఇక లోపల ఆమెకి పనిలేదు.

తలుపు సందులోంచి హరిత గొంతు వినబడింది. మొదట తడబడింది, తరవాత కుదుటపడింది, ఒక ప్రశ్నకి ఏకంగా ఎదురు ప్రశ్న వేసింది. లక్ష్మీపతి గట్టిగా నవ్వాడు. ఆ నవ్వు చాలనుకుంది హైమవతి. పెళ్లిలో హరితా అన్నపూర్ణేశ్వరీ పక్కపక్కన కూర్చుని భోంచేస్తారు, ఏమైందో ఇద్దరికీ ఎప్పటికీ తెలియదు. ఆ ఊహకి ఆమెకి ముచ్చటేసింది. మెట్లు దిగి, స్కూటరు ఎక్కి, పాలం వెళ్లిపోయింది.

డాక్టర్ హరిత లడ్డూల డబ్బాతో పరుగున వచ్చేసరికి హైమవతి కుర్చీ ఖాళీగా ఉంది. "ఆంటీ ఏరీ?"

"చలీ గయీ," అంది సాత్విక, వెళ్లిపోయిందని చెయ్యి ఊపుతూ.

మధ్యాహ్నం సాకేత్ అనే విద్యార్థి తన వైవా ఎప్పుడని కనుక్కోవడానికి వచ్చాడు. సాత్విక అతన్ని కూర్చోమంది. కాసేపు తటపటాయించి, ఆఫీసులో ఎన్నడూ మాట్లాడని తెలుగు కూడగట్టుకుని అడిగింది. "మీ అమ్మగారిది... ఏ ఊరండీ?"

హైమవతి వదిలి వెళ్లిన ఫ్లాస్కు పక్కన రెండు గ్లాసులూ కడిగి బోర్లించి ఉన్నాయి. అంచు కింద అరిగిన అక్షరాల్లో ఆమె పేరు ఇంకా చదవడానికి వస్తున్న గ్లాసు తీసి, నిండా టీ పోసి, సాత్విక అతని వైపు జరిపింది.