ఐదో రోజు ఉతికిన చొక్కా

మెల్చోర్ ముసలాయన పోయిన ఐదో రోజు ఊరి ఆచారం ప్రకారం ఆయన బట్టలన్నీ ఏటికి చేరాయి. మూట కట్టడం అల్లుడి వంతు, ఉతకడం బయటివాళ్ల వంతు. అయినవాళ్లు నీళ్లలో చెయ్యి పెట్టకూడదు. అందుకని కూతురు దొమితిలా మొగుడి పక్కన గట్టు మీద కూర్చుని ఊళ్లోవాళ్ల మాటలన్నీ వినక తప్పలేదు.

ముసలాయన్ని ఎవరో రాతితో కొట్టి చంపి, ఆలుగడ్డల చేను గోడకి అవతల పారేశారు. పోలీసులు దొమితిలా అన్న నికనోర్‌ని పట్టుకుపోయారు. పొలం పంపకం దగ్గర తండ్రీకొడుకులు అరుచుకోవడం అందరూ విన్నారు మరి. సోమవారం కుస్కో పట్నంలో జడ్జి ముందు నిలబెడతారు. అన్న అలాంటివాడు కాదని దొమితిలా ఒక్కతే నెత్తీ నోరూ కొట్టుకుంటోంది.

"అంత బరువు గోడ దాటించడం ఒక్కడి వల్ల కాదు. నికనోర్‌కి తోడు రెండోవాడు ఉండే ఉంటాడు," అన్నాడు సతుర్నినో, మోకాలి లోతు నీళ్లలో ఓ చొక్కాని రాతికేసి బాదుతూ.

"నువ్వేనేమో! సారా కనబడితే నీ నడుం నొప్పి ఎక్కడికి పోతుందో," అంది లెయొనార్ద పిన్ని, దవడన కోకా ఆకు నములుతూ.

"నేనైతేనా? సగం దారిలోనే ఆయన పక్కన పడి నిద్రపోయేవాణ్ని!"

అందరూ పగలబడి నవ్వారు. దొమితిలాకి ఒళ్లు మండిపోయింది. అయినా చెవులు రిక్కించింది. ఆ రెండోవాడెవడో దొరికితే అన్న సంగతీ తేలిపోతుందని ఆమె ఆశ.

"ఇప్పటికి వదిలింది మరక, మొండి ఘటం," అంటూ సతుర్నినో చొక్కా పైకెత్తి జాడించాడు.

మోచేతి దగ్గర ఆకుపచ్చ అతుకు.

దొమితిలా గట్టు మీంచి లేచింది. ఆ అతుకు తను వేసిందే. నాన్న చొక్కాకి కాదు, మొగుడు ఇపోలితో చొక్కాకి. సంతలో పోయిందన్నాడు. ఇంట్లో ఉంచుదామంటే ఉతికేది తను, ఇల్లు గాలించేది పోలీసులు. చనిపోయినవాళ్ల బట్టలు మాత్రం ఎవరూ పరకాయించి చూడరు, తల వంచుకుని ఉతుకుతారంతే. ఆ మూట కట్టింది ఇపోలితోనే. పొలంలో వాటా అడిగింది కూడా అన్న ఒక్కడే కాదు.

ఆమె నీళ్లలోకి దూకింది.

"అయ్యో, నువ్వు దిగకూడదే పిల్లా!" పిన్ని గుండెలు బాదుకుంది.

దొమితిలా చొక్కా లాక్కుని గట్టెక్కి, మొగుడి ఎదుట నిలబడింది.

"ఇదెవరిది?"

ఇపోలితో తొణకలేదు. "మీ అన్నది. నువ్వు కుమిలిపోతావని ఇన్నాళ్లూ నోరు మూసుకున్నాను."

"ఎంత మంచివాడమ్మా," అన్నారెవరో వెనక నుంచి. చూస్తుండగానే ఆ చొక్కా అన్న మెడకే చుట్టుకుంటోంది. దొమితిలా తడి చొక్కాని రెండు చేతులా విప్పి మొగుడి ఒంటికి ఆనించింది. భుజాలు కొలత తీసినట్టు సరిపోయాయి. నికనోర్ అతని కంటే జానెడు పొడుగు.

ఇపోలితో ఓ అడుగు వెనక్కి వేశాడు.

జడ్జికి చూపించాలని ఆమె నెత్తుటి మరక కోసం చొక్కా ముందు భాగమంతా వెతికింది. తడి తప్ప ఏమీ లేదు.

"మరకేది మామా?"

సతుర్నినో సబ్బు నురగ అంటిన తన చేతులు చూసుకున్నాడు.

"పోయిందమ్మా. పోయేదాకా నేనే రుద్దాను."