కోటు ఉచితం

ఆ ఇంటి కోడలికి మామగారితో ఉన్న పేచీ ఒక్కటే: ఆయనకు బతికున్నవాళ్ళు కనబడరు. పోయినవాళ్ళ ఫోటో చేతికిస్తే చెవి తమ్మె మీది పులిపిరి దాకా పట్టేస్తారు గానీ, మూడు రోజులుగా జ్వరంతో గళ్ళు గీస్తున్న మనిషి ఎదురుగా కూర్చుంటే "అమ్మాయీ, వెలుతురుకి అడ్డం" అంటారు. పొద్దున ఆమె తుమ్మితే "అటు తిరిగి తుమ్ము, కాగితం పాడవుతుంది" అన్నారు. ఇంతకన్నా ఆప్యాయంగా చూడాలంటే తను కూడా పోయి ఫోటోలోకి చేరాలేమోనని ఆమెకో అనుమానం.

పని మాత్రం పీకల దాకా ఉంది. రంగుల మిల్లు కంపెనీ తన ఆఫీసు హాల్లో పెట్టడానికి యజమాని ముత్తాత మొదలుకొని పదకొండు మంది పెద్దల బొమ్మలు కావాలంది. ఒక్కోదానికి ఆరు వందలు. నలభై ఏళ్ళుగా కూలివాళ్ళ బొమ్మలు నూట యాభైకి వేసిన మామగారికి, అందరూ పిలిచే బొమ్మల మాస్టారికి, ఇది మాటలు కాదు. ఇంట్లో అన్నం గిన్నె మూత మీద కూడా పెన్సిలు పొడే.

ఫోటో మీద గళ్ళు గీసి, పెద్ద కాగితం మీదా అన్నే గళ్ళు గీసి, ఒక్కో గడిలో ఉన్నది ఉన్నట్టు దించే పని కోడలిది. ఆ పైన మెత్తటి పెన్సిలుతో నీడలు వేసి, దూదితో అద్ది, బుగ్గకు బుగ్గ, కంటికి కన్ను తెప్పించేది మామగారు. కింద సంతకం కూడా ఆయనదే. కంపెనీ పెద్దల ఫోటోలు పాడవకూడదని ఆయన నలభై రూపాయలు పెట్టి పారదర్శకంగా ఉండే పలచటి షీటు కొన్నారు. గళ్ళు దాని మీద గీసి ఫోటో మీద పరుస్తారు. కూలివాళ్ళ ఫోటోలకు ఆ షీటు ఎప్పుడూ లేదు. వాటి మీదే గీసి, పనయ్యాక రబ్బరుతో చెరిపేయడమే.

కోడలు ముత్తాతగారి మీసం దగ్గర ఉండగా వీధిచివర బండి మీద ఇస్త్రీ చేసుకునే ఆమె గుమ్మంలోకి వచ్చింది. ఒక చేతిలో చట్రం కట్టిన బొమ్మ, ఇంకో చేతిలో ప్లాస్టిక్ కవరులో ఫోటో. బొమ్మలో ఉన్నది ఆమె భర్త. అదే మిల్లులో తొమ్మిదేళ్ళు రోజుకు మూడు వందల యాభైకి రంగు కుండీల దగ్గర పనిచేసి, మూడు నెలల కింద ఆవిరి గొట్టం పగిలి పోయాడు.

"నంబరెక్కడ పోయింది మాస్టారూ?"

"ఏ నంబరమ్మా?" మాస్టారు తలెత్తలేదు.

"పని బట్టల మీద, ఛాతీ దగ్గర కంపెనీ వేసిన నంబరు ఉండేది. మీకిచ్చినప్పుడు ఉంది. ఆ మనిషి మా రిజిస్టర్లో లేడంటోంది కంపెనీ. నా దగ్గరున్నది ఈ ఫోటో ఒక్కటే, తోటి పనివాడు సరదాకి తీసింది. నిన్న లేబర్ ఆఫీసులో చూపిస్తే కంపెనీ ప్లీడరు, ఇక్కడ తెల్ల మచ్చ తప్ప ఏముందమ్మా అన్నాడు. ముఖమైనా పోల్చుకుంటారని ఈ బొమ్మ చూపించాను. కోటు తొడుక్కున్న దొరగారికి మా కుండీలు కడిగే ఖర్మేంటి అని నవ్వాడు."

గోడ మీద అట్టముక్క వేలాడుతోంది: కోటు ఉచితం. చిరిగిన బనీనుతో, మాసిన చొక్కాతో ఉన్న ఫోటో తెచ్చినవాళ్ళకి మాస్టారు నల్ల కోటు, తెల్ల కాలరు ఊరికే తొడుగుతారు. బతికినన్నాళ్ళూ దక్కని మర్యాద గోడ మీదైనా దక్కనీ అంటారు. చాలామంది దానికోసమే వస్తారు.

"పాత ఫోటోలు అంతేనమ్మా. తడి తగిలుంటుంది," అన్నారు మాస్టారు.

"మా ఇంట్లో తడా? నీళ్ళ ట్యాంకరు వారానికొక్కసారి వస్తుంది మాస్టారూ. తాగడానికే లేవు." ఆమె బొమ్మ వైపు చూసింది. "రోజూ పది కోట్లకి ఇస్త్రీ చేస్తాను. ఈయన ఒక్కటీ తొడుక్కుని ఎరగడు. మీరు తొడిగితే బాగుందనే అనుకున్నాను. మూడింటికి మళ్ళీ రమ్మన్నారు. ఇవాళ తేల్చేస్తారట."

ఆమె వెళ్ళిపోయింది.

కోడలి చేతిలో పెన్సిలు కదల్లేదు. ఆ ఫోటోకి గళ్ళు గీసిన రోజు ఆమెకు బాగా గుర్తుంది. కోటు మెడ ఎక్కడికొస్తుందో చూద్దామని ఫోటో మీదే రెండుసార్లు గీసింది, చెరిపింది. చవక కాగితం. మూడోసారి రుద్దేసరికి పొర లేచి, నంబరు దాంతోపాటు పోయింది. పోవడం ఆమె చూసింది. కోటు కిందికి పోయేదే కదా అనుకుని, పొడి ఊదేసింది.

"మామయ్యా, అది నేను చెరిపాను."

"తెలుసు."

"తెలిసీ తడి అన్నారా?"

"మరేమనమంటావు? ఆ పదకొండు బొమ్మలూ ఎవరివి? నువ్వెళ్ళి నోరు విప్పావంటే సాయంత్రానికి ఫోటోలు పట్టుకుపోతారు. నీ మొగుడు లారీ తోలి పంపేది నీ మందులకైనా సరిపోతుందా? పైగా నలభై ఏళ్ళ పేరు."

"పేరు మీదే మామయ్యా. రబ్బరు నాది."

"కావాలని చేశావా ఏంటి, పొరపాటున పోయింది!"

కోడలు ముత్తాతగారి మీద షీటు సరిగ్గా పరిచి, మీసం సగంలో వదిలేసి, చెప్పులు వేసుకుంది.

లేబర్ ఆఫీసు గదిలో ఫ్యాను తిరుగుతోంది గానీ గాలి అధికారి బల్ల దాటి రావడం లేదు. ఇస్త్రీ ఆమె బల్లకు దూరంగా నిలబడి ఉంది. కంపెనీ ప్లీడరు ఫైలు కట్టేస్తున్నాడు.

"మీరెవరు?" అన్నాడు అధికారి.

"ఆ ఫోటో మీద నంబరు చెరిపింది నేనేనండీ."

ప్లీడరు నవ్వాడు. "బాగుంది. ఇలా చెప్పమని ఈవిడ ఎంతిచ్చింది?"

"నూట యాభై. బొమ్మకి. రసీదు కూడా ఉంది."

మూల కూర్చున్న గుమాస్తా దగ్గాడు. నవ్వు ఆపుకోవడానికేనేమో.

"నంబరెంత?" అధికారి ముందుకు వంగాడు.

కోడలు కళ్ళు మూసుకుంది. గళ్ళు కనబడ్డాయి. "పైనుంచి ఏడో వరుస. నాలుగో గడిలో రెండు. ఒకటి గీత మీద పడింది, సగం ఇటు సగం అటు. అయిదో గడిలో నాలుగు. రెండు వందల పద్నాలుగు."

ఇస్త్రీ ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఆధారం?" అన్నాడు ప్లీడరు.

"నేను చూశానండీ. నా మాటే."

"నువ్వు మాస్టారి కోడలివి కదూ? మా పెద్దల బొమ్మలు మీ ఇంట్లోనే ఉన్నాయిగా."

"ఉన్నాయండీ. అయిదు పూర్తయ్యాయి."

"మిగతావి పూర్తి కావాలని లేదా?" అతని గొంతు మెత్తబడింది. "చూడమ్మా, సాక్ష్యం పాడుచేయడం చిన్న విషయం కాదు. నీ మీదకే వస్తుంది. అక్కడేదో మరక ఉంది, తుడుస్తుంటే పొరపాటున పోయింది, అది నంబరో కాదో నీకూ తెలీదు. అంతేగా? అలా చెప్పేసి ఇంటికెళ్ళు."

గుమాస్తా కలం పట్టుకుని చూస్తున్నాడు. ఎంత తేలిక! మామగారు చెప్పిందీ అదే, ఈయన చెబుతున్నదీ అదే. ఇస్త్రీ ఆమె మాత్రం కోడలి వైపు చూడటం లేదు. ఫోటోలోని తెల్ల మచ్చ మీద బొటనవేలు పెట్టి నిమురుతోంది.

"మరక కాదండీ. నంబరే. నాకు కనబడుతూనే ఉంది. కంపెనీ వాళ్ళ ఫోటో అయితే గీత కూడా పడనిచ్చేదాన్ని కాదు. కూలివాడి ఫోటోయే కదా, నంబరుతో పనేముంది, పైన కోటు వస్తుంది కదా అని చెరిపాను."

ప్లీడరు ఫైలు మళ్ళీ విప్పాడు. గుమాస్తా కలం కదల్లేదు.

"తప్పు చేశాను," అంది కోడలు. గుమాస్తాకి వినబడలేదేమోనని అతని దగ్గరికి జరిగి, ఈసారి గట్టిగా అంది: "తప్పు నాదేనండీ. రాసుకోండి."