పళ్ళెంలో మూర్ఛ

ఆ పిల్లను అందరూ పిచ్చుక అనేవారు. ఆరేళ్ళది. నిద్ర లేచింది మొదలు నోరు మూతపడేది కాదు, మూర్ఛ వచ్చినప్పుడు తప్ప.

తల్లి టైలరు. మిషను తొక్కుతూనే ఒక చెవి కూతురి మాటల మీద వేసి ఉంచేది. మాట ఆగిందా, చేతిలో బట్ట అవతల పడేసి పరుగు. కళ్ళు తేలేసి కొట్టుకుంటున్న పిల్లను పక్కకి తిప్పి పట్టుకుని కూర్చునేది. అప్పుడు 'పోతుందేమో' అని మనసులోకి రాబోయే మాటను పళ్ళ బిగువున ఆపుకునేది.

ఎన్ని మందులు మార్చినా మూర్ఛ లొంగలేదు. పిల్ల జన్యువులో ఉన్న లోపం తానెక్కడా చూడనిదని చెప్పి, డాక్టరు వాళ్ళని ఒక పరిశోధన ల్యాబ్‌కి పంపించాడు. అక్కడ పిల్ల చేతి మీంచి మిరియపు గింజంత చర్మం తీసుకున్నారు. దాన్ని మూలకణాలుగా మార్చి, వాటి నుంచి మెదడు కణాలు పెంచుతారట. తల తెరవకుండా లోపలి జబ్బును చూడాలంటే అదే దారట.

నెలలు గడిచాయి. ఈలోగా డాక్టరు ఓ కొత్త సిరప్ రాశాడు. అది పడ్డప్పటి నుంచి పిల్ల చేతులు ఉండుండి ఉలిక్కిపడుతున్నాయి.

"మందు ఒంటికి పట్టాలి కదా, కాస్త ఓపిక పట్టు," అన్నాడు మొగుడు.

ఆ వారమే, వచ్చి కణాలు చూడమని ల్యాబ్ నుంచి ఫోన్ వచ్చింది. పిల్లను మొగుడికి అప్పజెప్పి ఒక్కతే వెళ్ళింది. అక్కడి సైంటిస్టు ఆమె కంటే చిన్నది. "రండక్కా," అంటూ తెర ముందు కూర్చోబెట్టింది.

నల్లటి తెర మీద పచ్చటి చుక్కలు. ఇక్కడొకటి మినుక్కుమంటే అక్కడొకటి.

"ఇవి మీ పాప కణాల నుంచి పెంచినవే. కణం పనిచేసినప్పుడల్లా చుక్క వెలుగుతుంది."

చూస్తుండగానే చుక్కలన్నీ ఒక్కసారి భగ్గుమన్నాయి. ఆరిపోయాయి. మళ్ళీ భగ్గుమన్నాయి. ఆ ఊపు తల్లికి తెలుసు. ఎన్నిసార్లు ఒళ్ళో పట్టుకుందో! ఇక్కడ పట్టుకుందామంటే చెయ్యి లేదు, తల లేదు. గాజు పళ్ళెంలో మూర్ఛ ఒక్కటే ఉంది.

"వాటికి నొప్పి పుడుతుందా అమ్మా?"

"లేదక్కా. నొప్పి తెలియడానికి ఇది మెదడు కాదు, గుప్పెడు కణాలంతే." సైంటిస్టు ఇంకో బొమ్మ తెరిచింది. "వీటి మీద మూడు మందులు విడివిడిగా వేసి చూశాం. ఒకదానికి ఉలుకూ పలుకూ లేదు. ఒకటి కాస్త నెమ్మదింపజేసింది. ఇదిగో, ఇది మాత్రం అగ్గికి ఆజ్యం పోసినట్టు చేసింది." మందు పేరు చెప్పింది.

తల్లి కుర్చీ అంచు పట్టుకుంది. "అదే పోస్తున్నాం మా పిల్లకి."

సైంటిస్టు గబుక్కున లేచి నిలబడింది. "మాకు ఎవరూ చెప్పలేదే! ఈ పూట మందు ఆపమనండక్కా. డాక్టరుతో నేను మాట్లాడతా."

మొగుడికి ఫోన్ చేస్తే కట్ అయింది. మళ్ళీ చేసింది. మళ్ళీ కట్. ఫోన్ పిచ్చుక చేతిలో ఉందన్నమాట. ఆటలో ఉంటే ఎవరి ఫోనూ ఎత్తదు. ఇంకోసారి నొక్కింది.

"అమ్మా! నీ వల్ల ఓడిపోయా!"

"బంగారం, ఫోన్ నాన్నకివ్వు. మందు తాగకే."

"తాగేశాగా! మారాం చెయ్యొద్దని నువ్వేగా చెప్పావు? మూతి కూడా ముడవలేదు, నాన్న చూశా..."

మాట ఆగిపోయింది.

ఫోన్ కింద పడ్డ చప్పుడు. ఆ వెనకే మడమలు నేలకి కొట్టుకుంటున్న టకటక. దూరం నుంచి మొగుడి కేక.

తల్లీ సైంటిస్టూ టాక్సీలో ఆస్పత్రికి చేరేసరికి పిల్లను అంబులెన్సులోంచి దించుతున్నారు. మూర్ఛ ఇంకా ఆగలేదు. లోపలికి తీసుకెళ్ళి తలుపులు మూసేశారు. మొగుడు గోడకి జారబడి కూలబడ్డాడు. "నా చేత్తోనే పోశానే," అన్నాడు. ఆమె అతని పక్కనే కూర్చుంది. ఇన్నాళ్ళూ అదే మందు తనూ పోసింది కదా!

ఇంజెక్షన్లకి చివరికి మూర్ఛ ఆగింది. పిల్ల బతికింది. కానీ కొన్నాళ్ళు మనుషుల్ని గుర్తుపట్టకుండా చూసింది. ఆ చూపు ముందు మూర్ఛే నయమనిపించింది తల్లికి.

డాక్టరు తప్పించుకోలేదు. "ల్యాబ్‌ని అడగకుండా మొదలుపెట్టాను. పొరపాటు నాదే," అన్నాడు. ఇప్పుడు పళ్ళెంలో కణాల్ని నెమ్మదింపజేసిన మందు ఇద్దామన్నాడు.

తల్లి సైంటిస్టుని నిలదీసింది. "ఇది మంచిదని మాటివ్వగలవా?"

"ఇవ్వలేనక్కా. పళ్ళెంలో చూసిందే చెప్పగలను. పళ్ళెం మీ పాప కాదుగా."

అబద్ధం చెప్పి ఉంటే బావుండుననిపించింది. చెప్పలేదు గనకే నమ్మింది. చెంచా మొగుడి చేతికివ్వలేదు. తనే పోసి, పిల్ల గుండెల మీద అరచెయ్యి ఆనించి కూర్చుంది. ఏమీ కాలేదు. మర్నాడూ ఏమీ కాలేదు.

పిల్ల తేరుకుని ఇప్పుడు బడికి వెళ్తోంది. మూర్ఛ పూర్తిగా పోలేదు. ఎప్పుడో గాని రాదు, వచ్చినా త్వరగా వదిలేస్తుంది. భయం మాత్రం తల్లిని వదల్లేదు. స్నానాల గదిలో నీళ్ళ చప్పుడు ఆగితే చాలు, వెళ్ళి తలుపు బాదుతుంది.

"ఏం చేస్తున్నావే?"

"సబ్బు రుద్దుకుంటున్నా! ఒక్క నిమిషం వదలవా అమ్మా?"

"సరే, గడియ మాత్రం పెట్టుకోకు," అని ఆ తలుపు పక్కనే నిలబడుతుంది.